కారవాన్‌కి ఏ చిన్న కంప్యూటర్ మంచిది? రాత్రిపూట కరెంటు లెక్క ముందు వేసుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. టెంపో ట్రావెలర్‌ని కారవాన్‌గా, అంటే ఉండి పడుకునే బండిగా మార్పించుకున్నారు. 12 వోల్టుల 200 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, పైన 400 వాట్ల సోలార్ ఉన్నాయి. విజయవాడ నుంచి ముందు శ్రీశైలం, అరకు, వచ్చే ఏడాది లడఖ్ వెళ్లాలని మీ ఆలోచన. దారి చూపడం, బ్యాటరీ, నీళ్ల ట్యాంకు, ఫ్రిజ్ వేడి, అన్నీ ఒకే చిన్న కంప్యూటర్‌లో కనిపించాలంటున్నారు. ఇంట్లో పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ పెట్టాలా, ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ కొనాలా, అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు రాస్ప్‌బెర్రీ పై 5 కొనాలా అని అడిగారు. ఫ్రిజ్‌లో అమ్మగారి ఇన్సులిన్ ఉంటుందని చివర్లో ఒక్క లైను రాశారు. నా లెక్కలో మీ ప్రశ్న మొత్తానికీ ముఖ్యమైన లైను అదే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఇరవై ఏళ్లకు పైగా సెల్ టవర్ సైట్లలో బ్యాటరీ బ్యాంకులు, రెక్టిఫయర్లు చూసుకున్నాను. మనిషి ఉండని కొండ మీద రాత్రింబవళ్లు నడవాల్సిన పరికరం ఎందుకు ఆగిపోతుందో అక్కడే నేర్చుకున్నాను. ఆరేళ్లుగా మా సొంత కారవాన్‌లో తిరుగుతున్నాం. కారవాన్‌కి కంప్యూటర్ ఎంచుకునేటప్పుడు ప్రాసెసర్ వేగం చివర చూడాల్సిన విషయం. మీరంతా నిద్రపోతున్నప్పుడు అది బ్యాటరీ నుంచి ఎంత తింటుంది? కరెంటు పోయి మళ్లీ వస్తే ఎవరూ ముట్టుకోకుండా తనంతట తానే లేస్తుందా? ముందు ఈ రెండూ చూడండి.

సూటిగా జవాబు కావాలంటే ఇదీ: రాస్ప్‌బెర్రీ పై 4 గానీ 5 గానీ తీసుకోండి, 4 జీబీ ర్యామ్ చాలు. మెమొరీ కార్డు మీద కాకుండా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) మీద నడపండి. దానికి కాపలా పని, అంటే బ్యాటరీ, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు చూసే పని మాత్రమే ఇవ్వండి. దారి చూపే పని వేరే ట్యాబ్లెట్‌కి అప్పగించండి. ఒకే పెట్టెలో రెండూ పెట్టాలన్న ఆలోచన మానుకోమని గట్టిగా చెప్తున్నాను. ఎందుకో కింద రాస్తాను.

ముందు లెక్క. మీ బ్యాటరీలో సుమారు 2,560 వాట్-అవర్లు పడతాయి, అంటే కరెంటు బిల్లు భాషలో రెండున్నర యూనిట్లు. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ మన ఎండలకు రోజుకి అర యూనిట్ దాకా తింటుంది. లైట్లు, ఫ్యాన్లు, నీళ్ల పంపు, ఫోన్ చార్జింగ్ కలిపి ఇంకో 0.4 యూనిట్ అనుకోండి. రాస్ప్‌బెర్రీ, దానికి తగిలించిన ఎస్ఎస్‌డీ, జీపీఎస్, సెన్సర్లు అన్నీ కలిపి మా బండిలో 5 వాట్ల దగ్గర ఉంటుంది. 24 గంటలకి 120 వాట్-అవర్లు, మీ బ్యాటరీలో 5 శాతం కన్నా తక్కువ. ఎన్100 మినీ పీసీ ఊరికే ఉన్నప్పుడు 6 నుంచి 10 వాట్లు, పని పెడితే 20 దాటుతుంది. పాత ల్యాప్‌టాప్ తెర వెలుగుతూ ఉంటే 20 వాట్లు తేలిగ్గా తీసుకుంటుంది. దాని చార్జర్ కోసం ఇన్వర్టర్ ఆన్‌లో ఉంచాలి. ఆ ఇన్వర్టర్ ఏ లోడూ లేకపోయినా తన కోసం 10 నుంచి 20 వాట్లు కాలుస్తుంది. రెండూ కలిపి 35 వాట్లు అనుకుంటే రోజుకి 840 వాట్-అవర్లు. బ్యాటరీలో మూడో వంతు! ఫ్రిజ్ కన్నా ఎక్కువ!

మీ 400 వాట్ల సోలార్ మంచి ఎండలో రోజుకి ఒకటిన్నర యూనిట్ ఇస్తుంది, ఆ రోజు ల్యాప్‌టాప్ ఉన్నా గడిచిపోతుంది. ముసురు పట్టిన రోజు అందులో పావు వంతు రావడం కూడా కష్టం. మనం లెక్క వేయాల్సింది ఆ రోజుకి.

నాకు ఇది లంబసింగిలో తెలిసొచ్చింది. మొదటి ఏడాది, జనవరి నెల. అప్పట్లో మా బండిలో లెడ్ యాసిడ్ బ్యాటరీ, 150 ఆంపియర్-అవర్. అలాంటి బ్యాటరీలో సగం కన్నా ఎక్కువ వాడకూడదు కాబట్టి చేతికి వచ్చేది 0.9 యూనిట్ మాత్రమే. ఇన్వర్టర్ మీద ల్యాప్‌టాప్ పెట్టి, దాంట్లో మ్యాపూ మీటర్లూ అన్నీ చూసుకుంటున్నాను. రెండు రోజులు పొగమంచు కమ్మేసింది, పదకొండు దాటినా ఎండ లేదు. రెండో రాత్రి బ్యాటరీ పడిపోయి ఫ్రిజ్ దానంతట అదే ఆగిపోయింది. కనిపెట్టి చెప్పాల్సిన ల్యాప్‌టాప్ కూడా అదే బ్యాటరీని తాగేసి తనూ ఆగిపోయింది. మా నాన్నగారి కంటి చుక్కల మందు, ఫ్రిజ్‌లోనే ఉంచాల్సింది, రాత్రంతా ఎంత వేడిలో ఉందో మాకు తెలియలేదు. లంబసింగి చలికి బహుశా ఏమీ అయ్యుండదు. కానీ అంతా ఆగిపోయాక చెప్పేవాళ్లు ఎవరు? ఘాట్ రోడ్డు దిగి నర్సీపట్నంలో కొత్త సీసా కొన్నాం. ఆ రోజే ల్యాప్‌టాప్ తీసేశాను.

ఇక రాస్ప్‌బెర్రీకి కరెంటు ఎలా ఇవ్వాలన్నది. ఎక్కువమంది ఇక్కడే దెబ్బ తింటారు, బోర్డు బాగాలేదని నింద వేస్తారు. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టుకునే కారు చార్జర్‌తో దాన్ని నడపకండి. బ్యాటరీ 12 వోల్టులను 5 వోల్టులుగా మార్చి 5 ఆంపియర్లు ఇవ్వగల మంచి డీసీ కన్వర్టర్ కొనండి. ఇన్‌పుట్ 9 నుంచి 36 వోల్టుల వరకు తట్టుకునేది అడగండి, 24 వోల్టుల లారీల్లోనూ వాడేది దొరుకుతుంది. బండి లోపలి అవసరాలకి పెట్టిన ఆ 200 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఫ్యూజ్ బాక్స్ నుంచి విడిగా ఒక లైను, దానికి సొంతంగా 5 ఆంపియర్ల ఫ్యూజ్. ఇంజిన్ బ్యాటరీ నుంచి మాత్రం తీసుకోవద్దు, సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ వోల్టేజ్ పడి బోర్డు రీస్టార్ట్ అవుతుంది. కన్వర్టర్‌ని బోర్డు పక్కనే బిగించండి. 12 వోల్టుల వైరు ఎంత పొడుగున్నా ఫరవాలేదు, 5 వోల్టుల వైరు జానెడు దాటకూడదు. సన్నటి యూఎస్‌బీ కేబుల్‌లోనే అర వోల్టు దాకా పోతుంది. 4.63 వోల్టుల కంటే కిందికి పోతే బోర్డు లో-వోల్టేజ్ హెచ్చరిక చూపి వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ సరిచేయకపోతే ఫైళ్లు పాడవుతాయి.

పై 5కి ఇంకో మెలిక ఉంది. 5 ఆంపియర్లు ఇవ్వగల సప్లయ్ అని దానికి తెలియకపోతే యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది. ఎస్ఎస్‌డీ లేవకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. సెట్టింగ్ మార్చి ఆ పరిమితి తీసేయొచ్చు, కానీ నిజంగా అంత కరెంటు ఇచ్చే కన్వర్టర్ ఉంటేనే.

4 కొనాలా, 5 కొనాలా? కాపలా పనికి 4 చాలు, కరెంటు కూడా కాస్త తక్కువ తింటుంది. 5లో నాకు నచ్చినవి రెండు. ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం ఎస్ఎస్‌డీని నేరుగా తగిలించే దారి ఉంది. గడియారం చిప్పు ఉంది, చిన్న బ్యాటరీ తగిలిస్తే కరెంటు లేకపోయినా టైమ్ పోదు. 4లో అది లేదు. సిగ్నల్ లేని అడవిలో కరెంటు పోయి వస్తే పాత టైమ్‌తో లేస్తుంది, ఫ్రిజ్ ఎప్పుడు వేడెక్కిందో రాసుకున్న రికార్డంతా తప్పవుతుంది. 4 కొంటే చిన్న యూఎస్‌బీ జీపీఎస్ పెట్టి ఉపగ్రహాల నుంచే టైమ్ తీసుకునేలా చేయండి, మా బండిలో అలాగే ఉంది. ఆ జీపీఎస్‌ని ఎస్ఎస్‌డీకి ఆనుకొని పెట్టకండి, యూఎస్‌బీ 3 పరికరాలు వదిలే రేడియో రొద దగ్గర్లోని యాంటెనాలకు అడ్డం వస్తుంది. రెండు మీటర్ల కేబుల్‌తో ముందు అద్దం దాకా లాగండి.

మెమొరీ కార్డు వద్దన్నది ఎందుకంటే, రాస్తూ ఉండగా కరెంటు పోతే కార్డు పాడవొచ్చు, కారవాన్‌లో కరెంటు పోవడం మామూలే. డబ్బు కుదరక కార్డుతోనే మొదలుపెడితే సిస్టమ్ భాగాన్ని చదవడానికి మాత్రమే ఉండేలా లాక్ చేసే ఓవర్లే సెట్టింగ్ రాస్ప్‌బెర్రీ సిస్టమ్‌లోనే ఉంటుంది, అది పెట్టుకోండి. ఏది వాడినా, అంతా సెట్ అయ్యాక దాని పూర్తి నకలు ఒకటి వేరే కార్డు మీద తీసి, స్టెప్నీ ఉంచుకున్నట్టు బండిలోనే ఉంచండి. వాచ్‌డాగ్ అనే సదుపాయం బోర్డులోనే ఉంది. సిస్టమ్ బిగుసుకుపోతే కొన్ని సెకన్లలో అదే రీస్టార్ట్ చేస్తుంది. ఆన్ చేసుకోవడం మర్చిపోకండి. టవర్ సైట్లలో నన్ను ఎన్నో రాత్రి ప్రయాణాల నుంచి కాపాడింది ఇదే.

వేడి గురించి కొంచెం ఆగి చెప్పాలి. విజయవాడ మే నెల మీకు నేను చెప్పనక్కర్లేదు. కిందటి వేసవిలో కొత్తగూడెం దగ్గర బండి ఆపినప్పుడు డాష్‌బోర్డు మీద సెన్సర్ 68 డిగ్రీలు చూపింది. అదే సమయానికి సీటు కింద పెట్టెలో 46. రాస్ప్‌బెర్రీ చిప్పు 80 డిగ్రీలు దాటగానే వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. చుట్టూ గాలి 46 ఉంటే మంచి అల్యూమినియం కేసు సరిపోతుంది, 68 ఉంటే ఏ ఫ్యానూ కాపాడదు. కాబట్టి సీటు కింద, ఇన్వర్టర్‌కి దూరంగా, పక్కలకు రంధ్రాలున్న చోట పెట్టండి. తలుపుకి ఆనుకుని ఉన్న చోటు వద్దు, అక్కడ దుమ్ము, వాన జల్లు రెండూ వస్తాయి. ప్లగ్గులన్నీ కుదుపులకు వదులవుతాయి. స్క్రూ టెర్మినళ్లు వాడండి, యూఎస్‌బీ కేబుళ్లను జిప్ టైతో బిగించండి. రాస్ప్‌బెర్రీకి స్క్రీన్ తగిలించనే వద్దు, ఆ చిన్న హెచ్‌డీఎంఐ సాకెట్ మన గుంతల రోడ్లకు నిలవదు. పాత ఫోనో, ట్యాబో గోడకి బిగించి వైఫై ద్వారా బ్రౌజర్‌లో చూసుకోండి.

ఇప్పుడు దారి సంగతి. రాస్ప్‌బెర్రీ మీద మ్యాప్ నడపొచ్చు, నేనూ ఒక ఏడాది నడిపాను. కానీ డ్రైవింగ్‌లో కావాల్సింది ట్రాఫిక్, మాట వినిపించే సూచన, ఎండలో కనిపించే తెర, ఒక్క వేలితో అయ్యే పని. ఇవన్నీ ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో సిద్ధంగా ఉన్నాయి. పైగా మ్యాప్ బిగుసుకుపోయిందని మీరు రీస్టార్ట్ చేస్తే, ఫ్రిజ్ కాపలా కూడా ఆగిపోకూడదు కదా! ఎనిమిది అంగుళాల ట్యాబ్ ఒకటి, ఏసీ గాలి తగిలే చోట స్టాండు. ఎండ నేరుగా పడే అద్దం మీద వద్దు, మధ్యాహ్నానికి వేడెక్కి ఆగిపోతుంది. మామూలుగా గూగుల్ మ్యాప్స్ గానీ, మ్యాపుల్స్ అనే మన దేశపు యాప్ గానీ చూడండి. సిగ్నల్ లేని చోట్లకి ఆస్మ్‌అండ్ గానీ ఆర్గానిక్ మ్యాప్స్ గానీ పెట్టి, ఆంధ్ర, తెలంగాణ, దారిలో పడే ఇతర రాష్ట్రాల మ్యాపులు ఇంట్లో వైఫై ఉండగానే దించుకోండి.

కానీ ఏ యాప్ అయినా కారవాన్ కష్టం పూర్తిగా ఎరగదు. ఆస్మ్‌అండ్‌లో బండి ఎత్తు, బరువు చెప్పే వీలుంది. అయితే మన వైపు వంతెనల ఎత్తులు ఆ మ్యాపులో చాలా చోట్ల నింపి లేవు. మా బండి సోలార్ ప్లేట్లు, పైన ఏసీ కలిపి 3.1 మీటర్లు. రైల్వే లైను కింద నుంచి పోయే అండర్ బ్రిడ్జిల ముందు హైట్ గేజ్ (ఎత్తు హద్దు చూపే అడ్డకమ్మీ) ఉంటుంది, దాని మీద అంకె చూడకుండా ఎప్పుడూ దూరకండి. వానాకాలంలో అయితే ఎత్తు సరిపోయినా నీళ్లు నిలిచి ఉంటాయి. మీ బండి ఎత్తు టేపుతో కొలిచి, ఒక పది సెంటీమీటర్లు కలిపి, స్టీరింగ్ పక్కన పెద్ద అక్షరాలతో అతికించండి. ఏ కంప్యూటర్ కన్నా ఆ కాగితం ఎక్కువ పనికొస్తుంది.

శ్రీశైలం వెళ్తానన్నారు కాబట్టి ఇంకొకటి. నల్లమల అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు గేట్లు మూసేస్తారు, హైదరాబాద్ వైపు నుంచి వస్తే మన్ననూరు దగ్గర, మీ వైపు నుంచి వస్తే దోర్నాల దగ్గర. యాప్ మాత్రం పదకొండు గంటలకి చేరతారని చెప్తూనే ఉంటుంది. కర్ణాటక, కేరళ వైపు వెళ్తే బందీపూర్ అడవి దారిలోనూ ఇవే వేళలు. గేటు ముందు రాత్రి గడపడం కారవాన్‌కి కష్టం కాదు, మంచం మనతోనే ఉంది. కానీ అమ్మగారి భోజనం, ఇంజెక్షన్ వేళలు ముందే సర్దుకోవాలి కదా, అందుకని చెప్తున్నాను.

ఇక సెన్సర్లు. కంప్యూటర్ కన్నా ముందు డబ్బు పెట్టాల్సింది బ్యాటరీ షంట్ మీద, అంటే బ్యాటరీ కరెంటును కొలిచే మీటర్ మీద. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వోల్టేజ్ చాలాసేపు ఒకేచోట నిలబడుతుంది. చార్జ్ 90 శాతం ఉన్నప్పటి వోల్టేజ్‌కీ, 40 శాతం ఉన్నప్పటి వోల్టేజ్‌కీ తేడా పావు వోల్టు దాకా మాత్రమే. వోల్టేజ్ చూసి ఎంత మిగిలిందో చెప్పడం లెడ్ యాసిడ్ రోజుల అలవాటు, దీనికి పనికిరాదు. లోపలికి వచ్చిన, బయటికి పోయిన ప్రతి ఆంపియర్‌నీ లెక్కపెట్టే షంట్ ఉండాలి. మీ బ్యాటరీలో బ్లూటూత్ బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) ఉందన్నారు, అది కూడా శాతం చూపిస్తుంది. కానీ చాలా బీఎంఎస్‌లు అర ఆంపియర్ లోపు కరెంటును సరిగ్గా పట్టుకోవు. రాస్ప్‌బెర్రీ తీసుకునేది సరిగ్గా అంతే, 0.4 ఆంపియర్. రాత్రంతా పోయిన కరెంటు దాని లెక్కలోకి రాదు, మబ్బు పట్టిన వారం తర్వాత 60 శాతం చూపిస్తూనే బండి చీకటి అవుతుంది. ఇంకో ఇబ్బంది, ఆ బ్లూటూత్‌కి సాధారణంగా ఒకసారి ఒక పరికరమే తగులుకుంటుంది. రాస్ప్‌బెర్రీ పట్టుకుంటే మీ ఫోన్‌కి దొరకదు. కేబుల్‌తో కలపగలిగితే కేబులే మంచిది. విక్ట్రాన్ స్మార్ట్‌షంట్ లాంటిదైతే యూఎస్‌బీ కేబుల్‌తో నేరుగా కలుస్తుంది. ఆ కంపెనీ తన పరికరాల రీడింగులన్నీ ఒకేచోట చూపే వీనస్ సిస్టమ్‌ను రాస్ప్‌బెర్రీకి ఉచితంగానే ఇస్తోంది. మీ చార్జర్లు కూడా ఆ కంపెనీవే అయితే అది వేసుకోండి, రకరకాల కంపెనీలవి కలిసి ఉంటే వాటన్నిటినీ కలిపి చూపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి. మీది రెండో రకమే అనిపిస్తోంది.

ఫ్రిజ్‌లో ఇన్సులిన్ కోసం డీఎస్18బీ20 అనే వైరు సెన్సర్ చాలు. అర డిగ్రీ అటూ ఇటూగా నిజం చెప్తుంది, వైరు సన్నగా ఉంటుంది కాబట్టి తలుపు రబ్బరు కింద నుంచి దూరుతుంది. దాన్ని గాలిలో వేలాడదీయకండి, తలుపు తీసిన ప్రతిసారీ అలారం కొడుతుంది. టీకాల ఫ్రిజ్‌లలో చేసినట్టు, చిన్న మందు సీసాలో గ్లైకాల్ అనే ద్రవం పోసి అందులో ముంచి ఇన్సులిన్ పక్కన పెట్టండి, గ్లైకాల్ లేకపోతే నీళ్లయినా సరే. అప్పుడు మందు ఎంత చల్లగా ఉందో అదే మీకు తెలుస్తుంది. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి గురించే అందరూ భయపడతారు, గడ్డకట్టినా అది పనికిరాదు. చిన్న ఫ్రిజ్‌లలో వెనక గోడకి ఆనిన మందు గడ్డకడుతుంది. అందుకే నేను రెండు హద్దులు పెట్టమంటాను: 8 దాటి ఇరవై నిమిషాలు ఉంటే ఒక అలారం, 3 కన్నా కిందికి దిగితే వెంటనే ఇంకో అలారం. వాడుతున్న పెన్ను బయట ఎన్నాళ్లు ఉండొచ్చో రకాన్ని బట్టి మారుతుంది, పెట్టె మీద రాసి ఉంటుంది, మీ డాక్టర్‌ని కూడా అడగండి.

ఆ అలారం ఫోన్‌కి మెసేజ్‌గా వస్తే సరిపోదు. నల్లమలలో, మారేడుమిల్లి ఘాట్‌లో సిగ్నల్ ఉండదు. రాస్ప్‌బెర్రీకి నేరుగా ఒక బజర్ తగిలించండి, నిద్ర లేపేంత గట్టిగా. నెట్ ఉన్నప్పుడు టెలిగ్రామ్ మెసేజ్ అదనం. మీరు గుడిలో ఉండి బండి దూరంగా పార్కింగ్‌లో ఉన్నప్పుడు అది ఉపయోగపడుతుంది.

నీళ్ల ట్యాంకుకి తేలే ఫ్లోట్ సెన్సర్ పెట్టి, ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డు ద్వారా వైఫైలో పంపండి. బండి ఏటవాలుగా ఉంటే తప్పు చూపిస్తుంది, ట్యాంకు మధ్యలో పెడితే తగ్గుతుంది. దీని మీద ఎక్కువ టైమ్ పెట్టకండి.

గ్యాస్ విషయంలో మాత్రం నా మాట తప్పకుండా వినండి. ఎంక్యూ రకం సెన్సర్ కొని రాస్ప్‌బెర్రీకి తగిలించి గ్యాస్ అలారం చేస్తానన్నారు. వద్దు. ఆ సెన్సర్ లోపల ఉండే హీటరే 0.8 వాట్ల దాకా తింటుంది, కాలం గడిచేకొద్దీ రీడింగ్ జరిగిపోతుంది. అంతకన్నా ముఖ్యం, మనుషుల ప్రాణం ఒక ప్రోగ్రామ్ రీస్టార్ట్ అవడం మీద ఆధారపడకూడదు. ఎల్పీజీ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం విడిగా, సొంత బజర్‌తో ఉన్నవి కొనండి. ఎల్పీజీ గాలికన్నా బరువు కాబట్టి దాని అలారం నేలకి దగ్గరగా బిగించాలి. కార్బన్ మోనాక్సైడ్‌ది పడుకునే చోట, కంపెనీ చెప్పిన ఎత్తులో. రెండిటి మీదా గడువు తేదీ ఉంటుంది, బండి కాగితాలతో పాటు అదీ రాసుకోండి. కంప్యూటర్ చచ్చినా ఇవి మోగాలి.

ఎన్100 ఎవరికి మంచిది అంటారా? మూడు నాలుగు కెమెరాలు రికార్డ్ చేయాలి, పిల్లల సినిమాలు అందులోనే ఉండాలి, విండోస్ కావాలి అంటే అదే మంచిది. కొంటే రెండు చూడండి. 12 వోల్టుల అడాప్టర్‌తో వచ్చే మినీ పీసీని నేరుగా బ్యాటరీకి కలపకండి. చార్జింగ్‌లో బ్యాటరీ 14.4 వోల్టులు దాటుతుంది, కాలిపోవచ్చు. మధ్యలో నికరంగా 12 వోల్టులు ఇచ్చే కన్వర్టర్ ఉండాలి. రెండోది, కరెంటు తిరిగి రాగానే తనే ఆన్ అయ్యే సెట్టింగ్ బయోస్‌లో (మినీ పీసీ మూల సెట్టింగుల్లో) ఉందో లేదో కొనకముందే అడగండి. కొన్నిటిలో అది ఉండదు, ప్రతిసారీ బటన్ నొక్కాలి. మీ అవసరాల్లో కెమెరా ఒక్కటే ఉంది, అది కూడా వెనక్కి తీసేటప్పుడు చూడటానికి. దానికి కంప్యూటర్ అసలు అక్కర్లేదు, రివర్స్ గేర్‌తో వెలిగే విడి కెమెరా, తెర పెట్టించండి.

లడఖ్ సంగతులు కొన్ని ఇప్పుడే చెప్తాను, ఎందుకంటే కొనేటప్పుడే చూసుకోవాలి. ల్యాప్‌టాప్‌లో పాతకాలపు తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే, చాలా డిస్కులకి పనిచేసే ఎత్తు పరిమితి 3,000 మీటర్ల దగ్గరే ఉంటుంది. లేహ్ ఊరే 3,500 మీటర్లు. ఎస్ఎస్‌డీకి ఆ బాధ లేదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల కన్నా కింద చార్జ్ చేస్తే లోపల శాశ్వతంగా పాడవుతుంది. బ్యాటరీ మీద ఒక వేడి సెన్సర్ అంటించండి, 5 డిగ్రీలకి చేరితే సోలార్ చార్జింగ్ ఆపమని బజర్ కొట్టేలా పెట్టుకోండి. చలికి చార్జింగ్ ఆపే రక్షణ బీఎంఎస్‌లోనే ఉందో లేదో అమ్మినవాళ్లని రాతపూర్వకంగా అడగండి. మన ఊళ్లో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఒకటి తీసుకోండి. అమెరికాలో ఉన్న మీ తమ్ముడు ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే జీపీఎస్ పరికరం తెస్తానన్నాడని రాశారు. వద్దని చెప్పండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా అలాంటివి మన దేశంలో వాడకూడదు, విమానాశ్రయంలోనే ఆపేస్తారు, కేసులు కూడా అయ్యాయి.

కొనే వరుస కూడా చెప్తాను. ముందు షంట్, ఎల్పీజీ, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు రెండూ కొని బిగించండి. పది రోజులు మామూలుగా బండి వాడి, రోజుకి ఎంత కరెంటు పోతోందో కాగితం మీద రాసుకోండి. తర్వాత రాస్ప్‌బెర్రీ తెచ్చి ఇంట్లో బల్ల మీద, ఒక 12 వోల్టుల బ్యాటరీతో నడపండి. నడుస్తుండగా వైరు పీకండి, పెట్టండి. ఇరవైసార్లు పీకినా ఎవరూ ముట్టుకోకుండా లేచి, ఫ్రిజ్ రీడింగ్ చూపిస్తే అప్పుడు బండిలోకి ఎక్కించండి. ఒక్కసారి లేవకపోయినా ఎక్కించకండి, కారణం దొరికేదాకా బల్ల మీదే ఉంచండి.

మీ బీఎంఎస్ ఏ కంపెనీదో, దానికి బ్లూటూత్ కాకుండా వైరు సాకెట్ కూడా ఉందో చూసి రాయండి. ఫోటో ఉంటే ఇంకా మంచిది. ఏ కేబుల్ కావాలో, ఏ పిన్ను ఎక్కడికి పోవాలో గీసి పెడతాను. ఆలోపు మీ ఇన్వర్టర్‌ని రాత్రిపూట ఆపేసి ఉంచండి.